సుల్తాన్ బజార్ నుంచి ఎర్రగడ్డ దాకా

ఉస్మానియా వైద్య కళాశాల కోఠిలో, సుల్తాన్ బజార్‌కు కూతవేటు దూరంలో ఉంది. అక్కడ చదివే పిల్లలు పాఠాలు తరగతి గదిలో వింటారు గానీ, రోగులను చూసి నేర్చుకోవడానికి నగరమంతా తిరగాలి. ప్రసవాలకు సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి, చెవి, ముక్కు, గొంతు జబ్బులకు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి, మిగతావాటిలో చాలావాటికి మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి. రెండు రకాల జబ్బులకు మాత్రం ఒకప్పుడు ఊరి బయట ఉన్న ఎర్రగడ్డకు పోవాలి. టీబీకి అక్కడి ఛాతీ ఆసుపత్రి, మనోవ్యాధికి అక్కడి మానసిక చికిత్సాలయం.

కళాశాల ఒకటే, పేట ఒకటే. గేట్లు వేరు, రిజిస్టర్లు వేరు, డాక్టర్లు వేరు.

హైదరాబాద్ మాటల్లో ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అంటే వీడికి పిచ్చి పట్టిందని అర్థం. దగ్గుతో, సాయంత్రపు జ్వరంతో చిక్కి సగమైన మనిషి మందుల కోసం వెళ్లాల్సింది కూడా ఆ ఎర్రగడ్డకే. ఎక్కడికి వెళ్లొస్తున్నావని ఎవరైనా అడిగితే ఆ మనిషి ఏ జవాబు చెప్పినా తలవంపుగానే తోచేది. విశాఖపట్నంలోనూ వాల్తేరు వైపునే మానసిక ఆసుపత్రి, ఛాతీ ఆసుపత్రి ఒకదానికొకటి చేరువలో ఉన్నాయి. జనం భయపడిన రెండు జబ్బులనూ తెలుగు నగరాలు ఒకే దిక్కుకు పంపాయి. ఆ రెండూ ఒకే మనిషికి ఒకేసారి వస్తాయన్న సంగతిని మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు.

వస్తాయనడానికి ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. వివిధ దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో లెక్క వేస్తే, టీబీ రోగుల్లో సుమారు 45 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. దిగులు పడ్డ మనిషి మందులు మానేస్తాడు. మందులు మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మొండికేస్తుంది, ఇంట్లో ఇంకొకరికి అంటుకుంటుంది. మనసు సంగతి చూడకుండా టీబీని అరికట్టడం కుదరదు. ఈ నిజం హైదరాబాద్‌లో ఎప్పుడెప్పుడు కంటపడింది, మళ్లీ ఎప్పుడెప్పుడు మరుగున పడింది అన్నదే ఈ వ్యాసం చెప్పదలచిన చరిత్ర.

రెసిడెన్సీ నీడలో

ఇవాళ సుల్తాన్ బజార్ అంటే చీరల దుకాణాలు, గాజులు, బడీచౌడీ కూరగాయలు, కోఠి పాత పుస్తకాలు, ఇందర్‌బాగ్‌లో మందుల టోకు అంగళ్లు. 1933 వరకు దీన్ని రెసిడెన్సీ బజార్ అనేవారు. పంతొమ్మిదో శతాబ్ది తొలి ఏళ్లలో జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన బజారు ఇది. నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా ఇక్కడ అధికారం రెసిడెంటుదే. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దండెత్తింది ఈ రెసిడెన్సీ మీదికే. వైద్య కళాశాల ఉన్న రోడ్డుకు ఇప్పుడు తుర్రేబాజ్ ఖాన్ పేరే ఉంది. 1933లో బజారు తిరిగి నిజాం చేతికి వచ్చింది, సుల్తాన్ బజార్ అయింది.

హైదరాబాద్‌లో పాశ్చాత్య వైద్య విద్య మొదలైంది కూడా రెసిడెన్సీ వైద్యుల చేతుల మీదుగానే. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలును డాక్టర్ విలియం క్యాంప్‌బెల్ మెక్లీన్ నడిపారు. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. తర్వాతి కాలంలో రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చిన ఎడ్వర్డ్ లారీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో 1888, 1889లో క్లోరోఫామ్ మీద పరిశోధన సంఘాలు నడిపి, ఈ నగరం పేరు ప్రపంచ వైద్య పత్రికలకు ఎక్కించారు. ఆ స్కూల్లో చదువు చాలాకాలం ఉర్దూలో సాగింది, ఆ తర్వాత ఇంగ్లీషుకు మారింది.

భాష సంగతి ఇక్కడ చిన్నది కాదు. విరిగిన ఎముకను అతకడానికి, కంటి శుక్లం తీయడానికి డాక్టరుకు, రోగికి ఉమ్మడి భాష లేకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. ఏళ్ల తరబడి సాగే జబ్బుతో ఉన్న మనిషికి ధైర్యం చెప్పాలంటే అతని భాష రావాలి. తెలంగాణ పల్లెల నుంచి నగరానికి వచ్చే రోగుల్లో ఎక్కువమందిది తెలుగు. ఆ తెలుగుకు నగరంలో ఒక నీడ దొరికింది కూడా రెసిడెన్సీ బజారులోనే. రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపించారు. 1906లో కొమర్రాజు వారి విజ్ఞాన చంద్రికా మండలి ఈ నగరంలోనే పుట్టి, చరిత్రతో పాటు శాస్త్ర విషయాలనూ తెలుగులో పుస్తకాలుగా వేయడానికి పూనుకుంది. జబ్బు గురించి తెలుసుకోవాలనుకునే సామాన్యుడికి తన భాషలో నాలుగు మాటలు దొరికే దారి అలా పడింది.

చుట్టూ ఉన్న బస్తీల్లో మాత్రం గాలి, వెలుతురు లేని ఇళ్లే ఎక్కువ. 1908 మూసీ వరద వేల మందిని మింగింది. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నాంపల్లి లాంటి చోట్ల ఇరుకు ఇళ్లను తీసేసి, వెడల్పు వీధులు, గాలి ఆడే ఇళ్లు కట్టించడం మొదలుపెట్టింది. టీబీ క్రిమి ఎక్కువగా వ్యాపించేది మూసిన గదుల్లోని గాలిలోనే కాబట్టి, ఆ పని తెలిసో తెలియకో టీబీ నివారణ కూడా అయింది.

దిగులు నుంచి క్రిమి వైపు

క్రిమి సంగతి తెలియకముందు వైద్యులు ఈ జబ్బును ఎలా చూశారు? చరక సంహిత రాజయక్ష్మకు, అంటే క్షయకు, నాలుగు కారణాలు చెప్పింది. శక్తికి మించిన పని, మలమూత్రాదుల వేగాలను బలవంతంగా ఆపుకోవడం, శరీర ధాతువులు తరిగిపోవడం, వేళాపాళా లేని తిండి. ధాతువులు తరిగిపోవడానికి దారితీసేవాటిలో శోకాన్ని, చింతను కూడా ఆ గ్రంథం చేర్చింది. ఇరవై ఏడుగురు భార్యల్లో రోహిణినే ప్రేమించి మిగతావారిని నిర్లక్ష్యం చేసిన చంద్రుడికి దక్షుడి శాపం వల్ల క్షయ పట్టిందన్న కథ పల్లెల్లో పెద్దవాళ్లకు తెలిసిందే. హైదరాబాద్ యునానీ హకీములు దిఖ్ అని పిలిచిన జబ్బు చికిత్సలోనూ రోగి తిండితో పాటు అతని చిత్తానికి పట్టింపు ఉండేది.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని చూపించాడు. వైద్య చరిత్రలో అంత పెద్ద రోజులు కొన్నే ఉన్నాయి. శాపాలు, పాపాలు, వంశదోషాలు అన్న మాటలకు ఆధారం పోయింది. దిగులు వల్ల క్షయ పుట్టదని తేలింది. అంతవరకు మంచిదే. అయితే జబ్బుకు కారణం కాని దిగులు జబ్బుతో పాటు సాగే తోడు కావచ్చన్న ఆలోచన కూడా ఆ ఊపులో పక్కకు పోయింది. కఫం, సూక్ష్మదర్శిని, ఆ తర్వాత ఎక్స్‌రే ముందుకు వచ్చాయి. రోగి ఏం అనుకుంటున్నాడన్నది కేసు షీట్లో రాసే విషయంగా మిగల్లేదు.

గాలి, విశ్రాంతి, ఎడబాటు

మందు లేని రోజుల్లో వైద్యం అంటే శానటోరియమే. తెలుగు నేల మీద దానికి పెద్ద పేరు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానిది. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం అక్కడ 1915లో తెరుచుకుంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దేశమంతా చెప్పుకునే సంస్థగా తీర్చారు. అక్కడ పనిచేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి టీబీ సలహాదారు అయ్యారు. 1948లో భారతదేశంలో బీసీజీ టీకాలు వేయడం మొదలైంది కూడా మదనపల్లెలోనే.

హైదరాబాద్ రాజ్యంలో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద శానటోరియం వెలిసింది. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. నగరంలో మురుగు, జనం మధ్య పారే నది, పుట్టిన చోట మాత్రం అడవి గాలి మధ్య ఉంటుంది. వైద్యులు రోగులను పంపింది ఆ గాలి కోసమే. నగరానికి దగ్గరగా, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఎర్రగడ్డలో కట్టించిన ఇర్రంనుమా ప్యాలెస్ ఆవరణ టీబీ ఆసుపత్రి అయింది. పాతతరం వాళ్లకు అది ఇప్పటికీ ఇర్రంనుమా దవాఖానాయే.

శానటోరియం రోగికి ఇచ్చింది మంచి గాలి, వేళకు తిండి, పూర్తి విశ్రాంతి. దానికి బదులుగా తీసుకున్నది ఇంటిని. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, మంచం మీద పడుకుని రోజూ జ్వరం పట్టీ చూసుకోవడం, పక్క మంచం ఖాళీ అయితే ఎందుకయిందో అడగకపోవడం, ఉత్తరాల కోసం ఎదురుచూడటం. పిల్లలున్న తల్లికి, కూలి మీద ఇల్లు నడిపే తండ్రికి ఆ ఎడబాటు జబ్బంత బరువుగా ఉండేది. ఆ బరువు దించడానికి ప్రత్యేకంగా ఎవరూ ఉండేవారు కాదు. నర్సు చెప్పే మంచి మాట, అప్పటికే కొంత కోలుకున్న తోటి రోగి ఇచ్చే ధైర్యం, ప్రార్థన, పుస్తకాలు. మానసిక చికిత్స అన్న పేరు లేకుండానే ఆ పని అంతా జరిగేది, జరిగినంత మేరకు.

అదీ దొరికింది కొద్దిమందికే. దేశ ఆరోగ్య సేవలను సమీక్షించిన భోర్ కమిటీ 1946 నాటి అంచనా ప్రకారం దేశంలో ఏటా సుమారు 5 లక్షల మంది టీబీతో చనిపోతుంటే, ఆసుపత్రి మంచాలు 6,000 లెక్కలోనే ఉన్నాయి. మిగతావారు ఇంట్లో వేరే చాప, వేరే చెంబు, వేరే కంచంతో గడిపారు. సాహిత్య లోకం కూడా ఈ జబ్బు చేతిలో నష్టపోయింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితం పొందిన కొంపెల్ల జనార్దనరావు 1937లో కన్నుమూసింది పేదరికంలో, క్షయతో.

నవ్విన రోగులు

1952లో న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలండ్‌లో సీ వ్యూ అనే టీబీ ఆసుపత్రిలో ఒక వింత జరిగింది. ఐసోనయాజిడ్, ఐప్రోనయాజిడ్ అనే రెండు కొత్త మందులను అక్కడ రోగుల మీద పరీక్షించారు. నెలలుగా మంచం దిగని వాళ్లకు ఆకలి పుట్టింది, బరువు పెరిగారు, వార్డులో నవ్వులు, ఆటలు, నృత్యాలు మొదలయ్యాయి. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. జబ్బు తగ్గినందువల్ల కలిగిన సంతోషమే అని మొదట అనుకున్నారు. ఎక్స్‌రేలో మార్పు అంతగా కనిపించని వాళ్లలో కూడా హుషారు పెరగడంతో డాక్టర్లకు అనుమానం వచ్చింది. మందు నేరుగా మెదడు మీద పనిచేస్తోందని తర్వాత తేలింది. 1957లో నేథన్ క్లైన్ ఐప్రోనయాజిడ్‌ను డిప్రెషన్‌కు మందుగా ప్రపంచానికి చూపించాడు. కాలేయానికి హాని చేస్తుందని ఐప్రోనయాజిడ్‌ను తర్వాత పక్కన పెట్టారు గానీ, డిప్రెషన్‌ను మాత్రతో తగ్గించవచ్చన్న జ్ఞానం అక్కడి నుంచే మొదలైంది. ఐసోనయాజిడ్ మాత్రం ఇవాళ్టికీ టీబీ చికిత్సకు మూలస్తంభమే.

అంటే మానసిక వైద్యానికి దాని తొలి డిప్రెషన్ మందు ఇచ్చింది టీబీ వార్డు. ఈ రెండు వైద్యాలకు అంత దగ్గరి చుట్టరికం ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1953లో, జాల్నాలో ఉన్న మానసిక ఆసుపత్రిని హైదరాబాద్‌కు తరలించారు. జాల్నా అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలోని మరాఠ్వాడా ప్రాంతపు ఊరు. ఆసుపత్రికి ఎర్రగడ్డలో చోటు దొరికింది. టీబీ రోగులు, మానసిక రోగులు ఇరుగుపొరుగులయ్యారు. మధ్య గోడ మాత్రం చాలాకాలం అలాగే ఉంది.

ఇంటికి వచ్చిన వైద్యం

1955 నుంచి 1958 వరకు దేశంలో తొలి జాతీయ టీబీ సర్వే జరిగింది. దానికి ఎంచుకున్న ఆరు కేంద్రాల్లో రెండు తెలుగు ప్రాంతాలవే, హైదరాబాద్, మదనపల్లె. నగరాల్లోనే ఉంటుందనుకున్న టీబీ పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని ఆ సర్వే చెప్పింది. అంతమందికి శానటోరియం మంచాలు వేయడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

జవాబు మద్రాసు నుంచి వచ్చింది. 1956లో అక్కడ పెట్టిన ట్యూబర్‌క్యులోసిస్ కీమోథెరపీ సెంటర్‌లో డాక్టర్ వాలెస్ ఫాక్స్ బృందం పేద రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు శానటోరియంలో, రెండో జట్టుకు వాళ్ల ఇరుకు ఇళ్లలోనే, ఏడాది పాటు అవే మందులు. 1959లో ఫలితాలు అచ్చయ్యాయి. తిండి, విశ్రాంతి తక్కువైనా ఇంటి దగ్గరి రోగులు దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకునే ప్రమాదం కూడా పెరగలేదు. ప్రపంచమంతటా శానటోరియంల తలుపులు మూతపడటానికి దారితీసిన పరిశోధన ఇది.

దీనివల్ల రోగి మనసుకు జరిగిన మేలు ఏ పట్టికలోనూ లేదు గానీ, అది చాలా పెద్దది. తల్లి పిల్లల దగ్గరే ఉండగలిగింది. కూలి మనిషి కొంత కోలుకోగానే పనికి వెళ్లగలిగాడు. వైద్యం కోసం బతుకును వదులుకునే అవసరం తీరింది.

అయితే ఇల్లు అందరికీ ఓదార్పు చోటు కాలేదు. తమిళనాడులో 304 మంది రోగుల మీద చేసి 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. రోగుల కుటుంబాల్లో బడికెళ్లే పిల్లల్లో 11 శాతం మంది చదువు మానేశారని, జబ్బు పడ్డ మహిళల్లో 15 శాతం మందిని ఇంట్లోవాళ్లే దూరం పెట్టారని అది చెప్పింది. పెళ్లి కాని అమ్మాయికి టీబీ అని తెలిస్తే సంబంధాలు రావన్న భయం తెలుగిళ్లలో ఇవాళ్టికీ పోలేదు. జబ్బును దాచాలి, దాచాలంటే మాత్రలను దాచాలి, మాత్రలను దాచాలంటే ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ మౌనమే మనిషిని లోపల తినేస్తుంది.

రోగులు అజ్ఞానం వల్ల మందులు మానేస్తారన్న మాట డాక్టర్ల నోట తరచూ వినిపిస్తుంది. ఆ మాటను 1963లోనే సమాజ శాస్త్రజ్ఞుడు దేబబర్ బెనర్జీ, డాక్టర్ స్టిగ్ ఆండర్సన్ ప్రశ్నించారు. కర్ణాటక గ్రామాల్లో వాళ్లు చూసిన టీబీ రోగుల్లో ఎక్కువమందికి తమ లక్షణాలు తెలుసు, సగానికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యం కోసం వెళ్లారు కూడా. దగ్గు మందు సీసా చేతికిచ్చి పంపిన ఆసుపత్రిదే అక్కడ లోపం. వెళ్లిన చోట మాట వినేవాళ్లు లేకపోతే మనిషి మళ్లీ వెళ్లడు. 1978లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ట్యూబర్‌క్యులోసిస్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆసుపత్రుల్లోని టీబీ రోగుల్లో సగానికి పైగా డిప్రెషన్ ఉందని తేల్చింది. ఇంత తెలిసినా టీబీ కార్యక్రమంలో దానికి చోటు దొరకలేదు.

1995, 1996

నాంపల్లికి అవతల, ఏసీ గార్డ్స్‌లో మహావీర్ ఆసుపత్రి ఉంది. లాభాపేక్ష లేని ట్రస్టు ఆసుపత్రి. 1995లో అక్కడ డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి నాయకత్వంలో ఒక కొత్త పద్ధతి మొదలైంది. ప్రభుత్వం మందులు, ప్రయోగశాల సరుకులు ఇస్తుంది. ఆసుపత్రి పరీక్షలు చేస్తుంది, మందులు మింగిస్తుంది. బస్తీల్లోని ప్రైవేటు డాక్టర్లు అనుమానం ఉన్నవాళ్లను పంపిస్తారు. రోగి మాత్రల కోసం తన ఇంటికి దగ్గరలోని నర్సింగ్ హోమ్‌కు వెళ్తే చాలు. మొదట లక్ష జనాభాకు, ఆ తర్వాత 5 లక్షల జనాభాకు ఈ సేవ అందింది. కొత్త రోగుల్లో 90 శాతానికి పైగా చికిత్స విజయవంతమైంది. అప్పట్లో భారత్‌లో పనిచేస్తున్న డాక్టర్ థామస్ ఫ్రీడెన్‌తో కలిసి మూర్తి బృందం 2001లో ఈ అనుభవాన్ని అంతర్జాతీయ పత్రికలో ప్రచురించింది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి ప్రపంచం చూసిన తొలి నమూనాల్లో ఇది ఒకటి.

ఆ విజయంలో మనసుకు సంబంధించిన పాలు ఉంది. అక్కడ పాటించిన డాట్స్ పద్ధతిలో రోగి అప్పట్లో వారానికి మూడుసార్లు ఒక మనిషి ఎదుట మాత్రలు మింగాల్సి ఉండేది. ఆ మనిషి పేరు పెట్టి పలకరించి, కడుపులో వికారం ఉందా అని అడిగి, రాని రోజు ఇంటికి కబురు పెడితే అది తోడు అవుతుంది. గడియారం చూస్తూ నోరు తెరిపించి చూస్తే నిఘా అవుతుంది. కార్డు మీద రెండింటికీ ఒకే టిక్కు పడుతుంది. దేశంలో ఎందరో అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు, కిరాణా కొట్టువాళ్లు కూడా డాట్స్ కార్యకర్తలుగా తోడు పాత్రను చక్కగా పోషించారు. వాళ్లకు రోగి మనసులో మాట వినడంలో శిక్షణ ఇచ్చి ఉంటే ఆ సేవ ఇంకెంత దూరం పోయేదో!

మహావీర్ ప్రయోగం మొదలైన మరుసటి ఏడాది, 1996లో, కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది. వాటిలో ఒకటి హైదరాబాద్‌కు చేరువలోని మెదక్. మనోవ్యాధి చికిత్స పెద్దాసుపత్రి గేటు దాటి పల్లె ఆరోగ్య కేంద్రానికి రావాలన్నది దాని ఉద్దేశం. ఒకే ప్రాంతంలో, ఒకే దశాబ్దంలో, రెండు మంచి కార్యక్రమాలు రోగి గడపకు చేరడానికి బయల్దేరాయి. ఒకే పేదవాడి ఇంటికి రెండు దారుల్లో వచ్చాయి. దారిలో కలుసుకోలేదు.

మందే మనసును తాకినప్పుడు

టీబీ వైద్యం, మానసిక వైద్యం కలవక తప్పని స్థితిని తెచ్చింది మొండి టీబీ. ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని ఎండీఆర్ టీబీకి చికిత్స 2007లో గుజరాత్, మహారాష్ట్రల్లో మొదలై, కొద్దికాలానికే మిగతా రాష్ట్రాలకు వచ్చింది. రెండేళ్ల చికిత్స, అందులో నెలల తరబడి రోజూ సూది మందు. ఆ సూదితో కొందరికి వినికిడి పోయింది. దానితో వాడే సైక్లోసెరిన్ అనే మాత్ర దిగులును, భ్రమలను, కొందరిలో చావు ఆలోచనలను కూడా తెప్పించగలదు. అందుకే ఈ చికిత్స మొదలుపెట్టేముందు రోగి మానసిక స్థితిని పరీక్షించాలని జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. ఛాతీ డాక్టరు, మానసిక వైద్యుడు ఒకే కేసు షీటు చూడాల్సిన రోజు అలా వచ్చింది. రోగి ఏడుపు వల్ల రాని ఆ రోజు, మందు దుష్ప్రభావం వల్ల వచ్చింది.

ఆ తర్వాత మార్పులు వేగంగా వచ్చాయి. 2012లో ప్రతి టీబీ కేసునూ ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి అయింది. 2017 నుంచి రోజువారీ మాత్రల పద్ధతి వచ్చింది. మాత్ర తీసినప్పుడు కనిపించే నంబరుకు ఫోను చేస్తే చాలనే ఏర్పాట్లు కూడా వచ్చాయి. రోగికి ప్రయాణం తగ్గింది, కూలి దక్కింది, వీధిలో గుట్టు మిగిలింది. పలకరించే మనిషి కూడా అంతమేరకు తగ్గాడు. 2018 ఏప్రిల్ నుంచి పోషణకు నెలకు 500 రూపాయలు ఇచ్చారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. కొత్త మందుల కలయికతో ఎండీఆర్ చికిత్స చాలామందికి ఆరు నెలలకు కుదించుకుపోయింది. సూది అవసరం లేకుండా పోయింది. రోగి మనసుకు ఇంతకన్నా పెద్ద మందు ఉండదు.

2020లో కోవిడ్ వచ్చింది. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి కోవిడ్ రోగులకు తెరుచుకుంది. దేశంలో 2019లో 24 లక్షలు దాటిన టీబీ నమోదు 2020లో సుమారు 18 లక్షలకు పడిపోయింది. జబ్బు తగ్గలేదు, జనం బయటికి రాలేదు. దగ్గితే చుట్టూ ఉన్నవాళ్లు ఉలిక్కిపడి జరిగిపోతే ఎలా ఉంటుందో ఆ ఏడాది నగరమంతటికీ తెలిసింది. టీబీ రోగులకు అది ముందు నుంచీ తెలుసు.

ఇప్పుడు చట్టం రోగి పక్షాన ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి పౌరుడికీ మానసిక వైద్యం హక్కుగా ఇచ్చింది. ఫోను మీద మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది, 14416 నంబరు మీద తెలుగులోనూ పలుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో టీబీతో పాటు వచ్చే మానసిక సమస్యలను ఎలా చూడాలో ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది. జబ్బు నుంచి బయటపడ్డవాళ్లకే శిక్షణ ఇచ్చి, టీబీ ఛాంపియన్లుగా కొత్త రోగుల దగ్గరికి పంపే పని దేశంలో చాలాచోట్ల సాగుతోంది. శానటోరియంలో పక్క మంచం మనిషి చేసిన పనే ఇది. తేడా ఏమిటంటే ఇప్పుడు దానికి శిక్షణ ఉంది, ఒక పేరుంది.

లోటు ఉన్నది అమలులో. నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతున్నారు. టీబీ రోగి మాత్రల కోసం ఎలాగూ నెలనెలా వస్తాడు, బరువు చూస్తారు, కఫం పరీక్షకు పంపుతారు. ఆ పూటే మరో రెండు ప్రశ్నలు అడగవచ్చు. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు కుంగిపోయినట్టు ఉందా? పీహెచ్‌క్యూ-2 పేరుతో ప్రపంచమంతా వాడే ప్రశ్నలే ఇవి. అడగడానికి రెండు నిమిషాలు చాలు, యంత్రం అక్కర్లేదు. అవునన్న వాళ్ల మాట వినడానికి ప్రతి టీబీ యూనిట్‌లోనూ తెలుగు, ఉర్దూ వచ్చిన కౌన్సెలర్ ఒకరు ఉండాలి. అవసరమైతే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి చీటీ రాసివ్వాలి, ఆ రోగి అక్కడికి చేరాడో లేదో కనుక్కోవాలి. టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ రికార్డులో బరువు, మాత్రల లెక్క పక్కనే ఆ రెండు జవాబులకూ ఒక గడి కేటాయించాలి. ఆ గడి ఖాళీగా ఉంటే మాత్రల గడి ఖాళీగా ఉన్నప్పుడు అడిగినట్టే పై అధికారి ఎందుకని అడగాలి.